మరమగ్గాలు ఆగితేనే నిలిచే లైను

మీరు టెలిఫోన్ శాఖలో ఉద్యోగానికి చేరేసరికి ఇంటింటికీ గాజు తీగ, అదే ఫైబర్, వచ్చేసింది. దాంట్లో వెలుతురు పారితే నెట్ వస్తుంది, పారకపోతే రాదు. మేం పనిచేసిన రాగి తీగ అట్లాంటిది కాదు. పొద్దున బాగా నడిచి మధ్యాహ్నం మొరాయిస్తుంది. ఎండకు ఒక రకంగా, వానకు ఒక రకంగా ఉంటుంది. పక్కింట్లో పరిగెత్తే నెట్ మీ ఇంట్లో పాకుతుంది. ఫోన్ మాత్రం రెండిళ్లలోనూ నిక్షేపంగా మోగుతుంది. అందుకే ఫిర్యాదు చేసినవాళ్లను నమ్మడం మాకు కష్టంగా ఉండేది. నమ్మడం నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. ఈ మూడు ఊళ్లలోనే నా సర్వీసంతా గడిచింది. ఏ హోదా ఎప్పుడొచ్చింది, ఏ ఆర్డరు మీద ఎక్కడికి మార్చారు అన్నది ఇక్కడ రాయను. వాటితో మీకు పని లేదు. నాకు పని నేర్పిన కొన్ని లైన్ల గురించి, కొందరు మనుషుల గురించి రాస్తాను. నా తప్పులు కూడా రాస్తాను.

చెవితో మొదలైన ఉద్యోగం

తొంభైల మొదట్లో నేను హిందూపురంలో ట్రంకు బోర్డు మీద ఆపరేటర్‌ని. తలకు హెడ్‌సెట్ తగిలించుకుని, ఒక ఊరి లైనును ఇంకో ఊరి లైనుకు కలపడం నా పని. పట్టుగూళ్ల వ్యాపారులు ఒక మాట తెలుగులో, ఒక మాట కన్నడలో అరుచుకుంటుంటే మధ్యలో కూర్చునేదాన్ని. కొన్నాళ్లకు మాటల కంటే వాటి వెనక ఉన్న చప్పుడే ఎక్కువ వినడం అలవాటైంది. తీగలు కలిపిన జాయింట్లోకి నీళ్లు దిగితే నూనెలో తాలింపు గింజలు చిటపటలాడినట్టు ఉంటుంది. తీగ వదులైతే కాగితం నలిపినట్టు ఉంటుంది. ఇది ఎవరూ నేర్పిన విద్య కాదు.

తర్వాత జనమే నేరుగా నంబరు తిప్పుకునే రోజులొచ్చి బోర్డులు తీసేశారు. నేను పరీక్ష రాసి సాంకేతిక విభాగంలోకి మారాను. చేరిన మొదటి రోజు అక్కడి అధికారి, "ఆడమనిషివి, స్తంభం ఎక్కుతావా అమ్మా?" అన్నారు. "ఎక్కను సార్, నిచ్చెన వేసుకుంటాను" అన్నాను. ఆ మాట ఆఫీసంతా తిరిగింది. నిచ్చెన మోయాల్సి వచ్చినప్పుడల్లా నన్నే పిలిచేవాళ్లు. దానివల్ల నాకు మేలే జరిగింది. ఫైళ్ల దగ్గర కూర్చోబెట్టి ఉంటే నాకు పనే వచ్చేది కాదు.

డాక్టరు గారి మూడు మోడెంలు

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు ఫోన్ తీగ మీదే బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. హిందూపురంలో మొదట తీసుకున్నవాళ్లలో ఒక పిల్లల డాక్టరు గారున్నారు. ఇల్లు ఎక్స్ఛేంజికి దగ్గర. తీగ కొత్తది. వేగం అద్భుతంగా ఉండాలి. ఉండేది కూడా. కానీ రోజుకు పది పన్నెండు సార్లు తెగిపోయేది.

నేను మోడెం మార్చాను. వారం తిరగకుండా మళ్లీ ఫిర్యాదు. ఇంకో మోడెం పెట్టాను. మూడోదీ పెట్టాను. నాలుగోసారి వెళ్లినప్పుడు డాక్టరు గారు నాతో మాట్లాడలేదు. క్లినిక్ వైపు వెళ్లిపోయారు. నాకు తల కొట్టేసినట్టయింది. వాళ్లమ్మ హాల్లో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. ఆమెను అడిగాను, "అవ్వా, ఈ పెట్టె ఎప్పుడెప్పుడు ఆగిపోతుందో నువ్వేమైనా చూసినావా?" అని.

"చూసేదేముండాది తల్లీ! ఫోను మోగినప్పుడంతా మావాడు ఆ పెట్టెను తిట్టుకుంటాడు" అంది.

ఫోన్ మోగినప్పుడల్లా! నాలుగుసార్లు వచ్చి నేను అడగని సంగతి అది. మాటనూ నెట్‌నూ వేరు చేసే చిన్న డబ్బా ఒకటుంటుంది, స్ప్లిట్టర్ అంటాం. ఇంట్లో ప్రతి ఫోనూ దాని తర్వాతే ఉండాలి, లేకపోతే ఫోన్ మోగినప్పుడల్లా నెట్ తెగుతుంది. ఇల్లంతా వెతికితే మేడమీద అవ్వ గదిలో ఇంకో ఫోన్ దొరికింది. దాని తీగ ఆ డబ్బాకు ముందే చీలి గోడ వెంట పైకి పోయింది. పది నిమిషాల పని. తీగ మార్చి, ఎక్స్ఛేంజి నుంచి ఆ నంబరుకు ఫోన్ చేయించాను. రెండు ఫోన్లూ గట్టిగా మోగాయి. మోడెం దీపం కదల్లేదు. అవ్వ చప్పట్లు కొట్టింది.

ఆ రోజు నుంచి నేను ఫిర్యాదు రాసినవాళ్లతో పాటు, రోజంతా ఇంట్లో ఉండేవాళ్లను కూడా అడగడం మొదలుపెట్టాను. మీరూ అడగండి. యంత్రం చెప్పలేనిది వాళ్లకు తెలుస్తుంది.

శివప్ప పంతం

పెనుకొండ నుంచి సోమందేపల్లి వైపు పోయే దారిలో శివప్ప అనే ఆయన నెట్ సెంటర్ పెట్టాడు. ఎక్స్ఛేంజి నుంచి కేబుల్ దూరం నాలుగు కిలోమీటర్ల పైమాటే. రాగి మీద నెట్ పైపులో నీళ్ల లాంటిది కాదు, దూరం నుంచి పిలిచే కేక లాంటిది. దూరం పెరిగేకొద్దీ అందులో మాట తగ్గి రొద మిగులుతుంది. అంత దూరంలో రెండు మెగాబిట్ల వేగం పెడితే లైను పదే పదే తెగుతుంది. నేను ఎక్స్ఛేంజిలో చెప్పి దాన్ని పావు వంతుకు తగ్గించాను.

"ఏం మేడం, బోర్డు మీద రెండు అని రాయించుకున్నా. మీరు అర ఇచ్చి పోతాండారు. నా మర్యాదేం కావాల?" అని శివప్ప నా మీద పడ్డాడు.

"పిల్లల పరీక్ష ఫలితాలు వచ్చేదాకా ఓపిక పట్టన్నా. ఆ రోజు కూడా నీకు నచ్చకపోతే పెంచేస్తాను" అన్నాను.

ఫలితాల రోజు పెనుకొండలో సగం సెంటర్లు గంటకోసారి ఆగిపోయాయి. శివప్ప సెంటర్ నెమ్మదిగా, ఒక్కసారి కూడా తెగకుండా, పొద్దున నుంచి సాయంత్రం దాకా నడిచింది. సోమందేపల్లి పిల్లలు బస్సు దిగి నేరుగా అక్కడికే వచ్చారు. మరునాడు శివప్ప బోర్డు మీద రెండు అన్న అంకె చెరిపేసి "ఆగదు" అని రాయించాడు.

సరళ ఇల్లు

ఇప్పుడు ధర్మవరం సంగతి. నా సర్వీసు మొత్తంలో ఒకే ఒక్క పని చెప్పమంటే ఇదే చెబుతాను.

సరళ నేతగాళ్ల ఇంటి పిల్ల. గుంతమగ్గంలో కూర్చుంటే రెండు కాళ్లూ ఆడాలి. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆమె ఎడమ కాలు ఆడదు. వాళ్ల నాయన నారాయణప్ప ఆమెకు మగ్గానికి బదులు గళ్ల కాగితం, పెన్సిలు ఇచ్చాడు. ఆ పిల్ల అంచులు, కొంగులు, బుటాలు గీయడం నేర్చుకుని, తర్వాత కంప్యూటర్ మీద గీయడం మొదలుపెట్టింది. ఆమె గీసిన డిజైన్ బెంగళూరు షావుకారుకు పంపుతుంది. ఆయన రంగులు మార్చమంటే మారుస్తుంది. సరేనన్నాక ఆ బొమ్మ ప్రకారం జకార్డు అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టలు ఎక్కితే గానీ మగ్గం మీద డిజైన్ పడదు. ఆమె డిజైన్ల మీద ఆ వీధిలో ఎనిమిది మగ్గాలు ఆధారపడి ఉన్నాయి.

నెట్ రాకముందు ఆమె సీడీలు పట్టుకుని ఆ కాలితోనే రైలెక్కి బెంగళూరు పోయి వచ్చేది. నెట్ వచ్చాక ఆ కష్టం తీరిందనుకుంది. కానీ షావుకారు కొట్లో ఉండే వేళకే లైను తెగుతుంది. పెద్ద ఫైలు సగం పోయి ఆగుతుంది. మళ్లీ మొదటి నుంచి. చివరికి ఆయన, ఈ వారంలో డిజైన్ చేతికి అందకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు.

నేను వెళ్లేసరికి మా వాళ్లు అప్పటికే నాలుగైదుసార్లు వచ్చి పోయారు. తీగ నిరోధం సరిగ్గా ఉంది. ఎక్కడా భూమికి తగలడం లేదు. మోడెం కొత్తది. దూరం కూడా ఎక్కువ కాదు. మా సబ్ డివిజనల్ ఇంజనీరు రాఘవరావు గారు గుంటూరు వైపు మనిషి. తెలివైనవారు, కష్టపడేవారు. ఒకటే జబ్బు, సాయంత్రానికి ఒక్క ఫిర్యాదు కూడా మిగలకూడదు. "రూత్ గారూ, టెస్టులన్నీ బాగున్నాయి కదండీ. కస్టమర్ కంప్యూటర్ తప్పు అని క్లోజ్ చేసెయ్యండి" అన్నారు.

"ఒక్క రోజు వాళ్లింట్లో కూర్చుని చూస్తాను సార్" అన్నాను.

ఉదయం తొమ్మిదికి వెళ్లి కూర్చున్నాను. మోడెం మీద దీపం వెలుగుతుంది, ఆరుతుంది, మళ్లీ వెలుగుతుంది. పక్కనే ఒక షెడ్డులో మరమగ్గాలు. ఆ మోతలో మేం మాట్లాడుకోవాలంటే అరవాల్సిందే. ఒంటిగంటకు భోజనానికి మగ్గాలు ఆపారు. ఒక్కసారిగా వీధి నిశ్శబ్దమైంది. దీపం నిలకడగా వెలిగింది. రెండింటికి మగ్గాలు మొదలయ్యాయి. దీపం మళ్లీ కొట్టుకోవడం మొదలుపెట్టింది.

నాకు ప్రాణం లేచి వచ్చింది. అక్కడి నుంచే రాఘవరావు గారికి ఫోన్ చేసి, మరమగ్గాల మోటార్ల రొద లైనులోకి వస్తోందని చెప్పాను. "బాగా పట్టుకున్నారు. మన తప్పు కాదుగా. క్లోజ్" అన్నారాయన. సరళకు కూడా అదే చెప్పాను. మోటార్లను మేం ఏమీ చేయలేమన్నాను.

ఆమె మెల్లగా అడిగింది. "మేడం, షెడ్డుకు ఆనుకునే మందుల షాపుండాది కదా. వాళ్లకూ మీ నెట్టే. మోటార్లు వాళ్లకింకా దగ్గర. వాళ్లకెందుకు పోదు?"

నేను లేచి మందుల షాపుకు వెళ్లి గంటసేపు నిలబడ్డాను. వాళ్ల దీపం ఒక్కసారి కూడా ఆరలేదు. గోడ అవతల మోటార్లు తిరుగుతూనే ఉన్నాయి.

ఇది నేను చేసిన తప్పుల్లో పెద్దది. డాక్టరు గారింట్లో తెలియక తిరిగాను. ఇక్కడ తెలిసిందనుకుని ఆగిపోయాను. ఆ అమ్మాయి ప్రశ్న అడిగి ఉండకపోతే ఆమె పని పోయేది, నేను గొప్పగా పట్టుకున్నానని చెప్పుకుంటూ తిరిగేదాన్ని.

టైర్లాయన

తిరిగి వెళ్లి సరళ ఫోన్ ఎత్తి చెవికి పెట్టుకుని ఊరకే విన్నాను, ట్రంకు బోర్డు రోజుల్లో విన్నట్టు. మోటార్ల గుయ్యిమనే రొద ఉంది. దాని కింద, చాలా సన్నగా, ఎవరో మగ గొంతు. "రెండు టైర్లు పంపిస్తా. ట్యూబులు లేవప్పా..."

"సరళా, ఈ మాటలేంది?"

"అదా, అది ఎప్పుడూ ఉండేదే మేడం. ఎవురో టైర్లాయన. మేం మాట్లాడేటప్పుడు కలిసిపోతాది, పట్టించుకోము."

తప్పు ఎట్లాంటిదో నాకు అప్పుడు తట్టింది. కారణం చెబుతాను, ఇది మీకు అర్థం కావాలి. ప్రతి ఫోనుకూ రెండు తీగలు. ఆ రెంటినీ ఒకదాని చుట్టూ ఒకటి పెనవేస్తారు. బయటి రొద ఏదైనా రెండు తీగల మీదా సమానంగా పడుతుంది, అవతలి కొసలో ఒకదానికొకటి కొట్టివేసుకుంటుంది. అట్లా కాకుండా ఒక జతలోని తీగ పొరపాటున పక్క జత తీగతో పెనవేసుకుని కొంత దూరం పోయి, మళ్లీ తన జతలోకి వస్తే? ఫోన్ మోగుతుంది. టెస్టుల్లో తప్పు కనపడదు. కానీ ఆ కొంత దూరం ఆ తీగకు తన జంట పక్కన లేదు. అందువల్ల మోటార్ల రొదా లోపలికి వస్తుంది, పక్కవాడి మాటలూ వస్తాయి.

ఇది నిజమైతే టైర్లాయనకు కూడా సరళ మాటలు వినపడాలి. రెండు వీధుల అవతల టైర్ల కొట్టు దొరికింది. యజమాని రమణప్ప. "అన్నా, మీ ఫోన్లో వేరేవాళ్ల మాటలేమన్నా వినిపిస్తాయా?" అన్నాను.

"వినిపిస్తాయా అంటావేంది మేడం! ఎవురో ఒక ఆయమ్మ పొద్దస్తమానం అంచు, కొంగు, బుటా అంటా ఉంటాది. ఆ మాటలు ఇంట్లో చెప్పినందుకు మా ఆడోళ్లకు పెద్దంచు చీర తెచ్చియ్యాల్సొచ్చె!"

నేను కొట్లోనే నవ్వేశాను. రికార్డులు తీసి చూస్తే సరళ జత, రమణప్ప జత కేబుల్లో పక్కపక్కనే ఉన్నాయి. కొన్నేళ్ల కిందట నీళ్ల పైపు తవ్వకంలో ఆ కేబుల్ తెగింది. మధ్యలో కొత్త ముక్క వేసి, రెండు కొసలా రెండు జాయింట్లు కట్టారు. తప్పు ఆ రెండు జాయింట్లలోనే ఉండాలి.

గుంత తవ్విన రోజు

ఆ జాయింట్లు కట్టింది ఖాదర్‌వలి. మా మూడు ఊళ్లలో అంతటి జాయింటర్ లేడు. ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. విషయం చెప్పగానే ముఖం మాడ్చుకున్నాడు. "రూతమ్మా, నా జాయింట్లో తప్పా? ఎన్నేండ్ల సర్వీసు నాది?"

"తప్పు లేకపోతే నేనే నీ ముందు ఒప్పుకుంటాను ఖాదరన్నా. ఒకసారి తెరుద్దాం."

రాఘవరావు గారు ససేమిరా అన్నారు. "అది నూరు జతల కేబులండీ. పాత జాయింటు తెరిస్తే ఏ తీగ విరుగుతుందో తెలియదు. ఆస్పత్రి ఫోన్ కూడా అందులోనే ఉంది. ఒక్క కస్టమర్ కోసం నూరు ఫోన్లు పణంగా పెడతారా?"

ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. నేను తెల్లకాగితం తీసుకుని, ఏ ఫోన్ పోయినా బాధ్యత నాదేనని రాసి సంతకం పెట్టి ఆయన ముందుంచాను. ఆయన దాన్ని చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. "రేపు పొద్దున నేనూ వస్తాను" అన్నారు.

మరుసటి రోజు ఎనిమిదింటికి గుంత తవ్వించాం. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. ఖాదర్‌వలి లోపలికి దిగి, జాయింటు మీది తొడుగు కోసి, రంగురంగుల తీగల్ని దువ్వినట్టు విడదీశాడు. ఒకచోట అతని చేతులు ఆగిపోయాయి. చాలాసేపు చూశాడు.

"ఇది నా చెయ్యే" అన్నాడు. "నా ముడి నాకు తెలుస్తాది."

అతనే చెప్పాడు. "ఆ పొద్దు వాన. కడకు రెండు ఫోన్లకు టోన్ రాలేదు. ఈ కొసలో తప్పు కలిపినా. యాడ తప్పినానో వెతకాలంటే మళ్లీ అంతా విప్పాల. సాయంత్రానికి నూరు ఫోన్లూ మోగాల్సిందే అన్నారు. ఆ కొసలో తీగలు అటూ ఇటూ మార్చి మోగించేసినా. మోగితే చాలనుకున్నా రూతమ్మా."

నేను ఏదో అనబోయాను. నా కంటే ముందు రాఘవరావు గారు గుంత అంచున గొంతుక్కూర్చుని అన్నారు. "అలా అన్నది నేనే, ఖాదర్. ఆ సాయంత్రం నీ నెత్తిన నిలబడి తొందరపెట్టింది నేనే. నీ ఒక్కడి తప్పు కాదు."

నేను చాలామంది అధికారుల కింద పనిచేశాను. కింది ఉద్యోగి ముందు, కూలీల ముందు, తన తప్పును నోటితో ఒప్పుకున్న అధికారిని ఆయన్నొక్కరినే చూశాను. సాయంత్రానికి ఫిర్యాదులన్నీ మూసెయ్యాలన్న ఆయన జబ్బును ఆ రోజే క్షమించేశాను.

ఖాదర్‌వలి భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకుని పనిలోకి దిగాడు. ఒక్కో తీగనూ ఎక్స్ఛేంజి నుంచి టోన్ వేయించి, రెండుసార్లు సరిచూసి, దాని జంటతోనే ముడివేశాడు. మధ్యలో వేరే జత తీగ ఒకటి పుటుక్కున విరిగింది. అది ఆస్పత్రి తీగ కాదు. అయినా అతను తొందరపడలేదు, దాన్నీ కలిపాకే రెండో గుంతలోకి దిగాడు. మధ్యాహ్నం రెండున్నరకు పైకొచ్చి, "ఇప్పుడు పోయి చూడండి" అన్నాడు.

ముగ్గురం సరళ ఇంటికి వెళ్లాం. మరమగ్గాలు అన్నీ తిరుగుతున్నాయి. ఫోన్ ఎత్తాను. టైర్లాయన లేడు. రొద లేదు. శుభ్రమైన టోన్. మోడెం దీపం వెలిగి అట్లాగే నిలబడింది. తెగకుండా ఉండాలని ఆ లైను వేగాన్ని మా వాళ్లు అంతకుముందే బాగా తగ్గించి ఉన్నారు. ఎక్స్ఛేంజికి ఫోన్ చేసి ఒక మెట్టు పెంచమన్నాను. నిలబడింది. ఇంకో మెట్టు. నిలబడింది. "పూర్తిగా ఇచ్చెయ్యమనండి" అన్నారు రాఘవరావు గారు. పూర్తిగా ఇచ్చారు. దీపం ఆరి, వెలిగి, ఇక కదల్లేదు. ఖాదర్‌వలి మట్టిచేతుల్తో గుమ్మం దగ్గరే నిలబడి చూస్తున్నాడు.

సరళ డిజైన్ ఫైలు పంపడం మొదలుపెట్టింది. తెర మీద ఎప్పుడూ సగంలో ఆగిపోయే గీత సగం దాటింది. ముప్పావు దాటింది. నిండిపోయింది. ఆమె కుర్చీలోంచి లేచి గట్టిగా అరిచింది. "నాయనా, పోయింది!"

లోపలి గదిలో మగ్గం చప్పుడు ఆగింది. "మళ్లీ పోయిందా తల్లీ?" అంటూ నారాయణప్ప మగ్గం గుంతలోంచి ఆదరాబాదరాగా పైకొచ్చాడు.

"ఆ పోవడం కాదు నాయనా! బెంగళూరికి పోయింది! అంతా పోయింది!"

ఆయనకు అర్థమయ్యేలోగా ఫోన్ మోగింది. అవతల షావుకారు. సరళ వింటోంది, తల ఊపుతోంది, కళ్లు తుడుచుకుంటోంది. ఫోన్ పెట్టేసి నాయన వైపు తిరిగింది.

"రంగులు కూడా మార్చొద్దన్నాడు. అట్టలు కొట్టించమన్నాడు."

నారాయణప్ప మమ్మల్ని కూర్చోమనడం కూడా మరిచిపోయాడు. ఎనిమిది మగ్గాల వాళ్లకూ చెప్పడానికి, చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తాడు.